నాగేశ్వర్లు తెచ్చిన ఎర్ర డబ్బా

మార్కాపురం,
19 జూన్ 2022.

చెల్లెలు పర్వీన్‌కు,

అన్న ఇనాయతుల్లా, వదిన చాంద్‌బీ దువాలతో రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. పోయిన నెల ఒంగోలులో చెవుల డాక్టరుకు చూపించుకున్నాను. కుడిచెవి పూర్తిగా పోయిందట. ఎడమ చెవికి మిషను పెట్టుకుంటే కొద్దిగా వినపడుతుందట. చిన్నతనంలో పలకల ఫ్యాక్టరీలో కోత మిషను పక్కన ఎనిమిదేళ్ళు నిలబడ్డాను కదా, చెవులు అప్పుడే చెడిపోయాయన్నాడు. మిషను కొన్నాను. ఎదురుగా కూచుని మాట్లాడితే ఫరవాలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే మాత్రం రేకు మీద రాళ్ళు దొర్లించినట్లు ఉంటుంది. మొన్న నువ్వు అంతసేపు మాట్లాడితే ఊఁ కొట్టి పెట్టేశాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. అందుకే ఉత్తరం రాయమంటున్నాను. ఫోన్‌లో మెసేజీ పెడితే ముందు మీ వదిన చదువుతుంది, తరువాత పిల్లలు చదువుతారు, ఆఖరున నాకు చేరుతుంది. హాస్టల్లో ఉన్నప్పుడు వారం వారం రాసేదానివి. ఆ అలవాటు మళ్ళీ పెట్టుకుందాం.

ఇక దుకాణం సంగతి. నేను కంప్యూటర్లు బిగించడం, నాగేశ్వర్లు బేరాలు చూడడం, ఇద్దరికీ సగం సగం వాటా. ఇట్లా పదహారేళ్ళు నడిచింది. ఈ ఒక్క నెలలోనే మాకు మూడుసార్లు మాటా మాటా వచ్చింది. అంతా ప్రాసెసర్ల గురించే. మీ కంపెనీది నీలం డబ్బాలో వస్తుంది, పోటీ కంపెనీది ఎర్ర డబ్బాలో. ఒకప్పుడు ఎర్ర డబ్బా అడిగేవాడే లేడు. ఇప్పుడు కంభం నుంచి, అర్ధవీడు నుంచి వచ్చే ఇంజనీరింగు పిల్లలు ఫోన్‌లో వీడియోలు చూసి వచ్చి అదే కావాలంటున్నారు. రేటు తక్కువ, వేగం ఎక్కువ అంటారు. పైగా మదర్‌బోర్డు మార్చకుండానే కొత్త ప్రాసెసరు వేసుకోవచ్చట. మనదానికైతే రెండేళ్ళకొకసారి బోర్డు కూడా మార్చాలి.

“రెండూ పెడదాం ఇనాయతూ,” అన్నాడు నాగేశ్వర్లు. “అడిగినోనికి అడిగింది ఇస్తాం. ఆ కంపెనీలు కొట్లాడుకుంటే మనకేంది?”

“నీలం డబ్బాలో ఉండేది నా చెల్లెలి కష్టం. దాని పక్కనే ఇంకోటి పెట్టి, ఇది తక్కువ, అది ఎక్కువ అని నా నోటితో నేను చెప్పలేను.”

“దాన్ని తయారుచేసేది వేలమంది. పర్వీనొక్కతేనా?”

“నాకు తెలిసింది ఒక్కతే,” అన్నాను. అతను నవ్వి ఊరుకున్నాడు. కానీ మరునాడు మళ్ళీ అదే మాట తీశాడు.

నువ్వే చెప్పు, నేనన్నదాంట్లో తప్పుందా?

ఊళ్ళో పెద్ద విశేషాలు లేవు. రాష్ట్రమంతా కొత్త జిల్లాలు వచ్చాయి, మనకు మాత్రం రాలేదని జనం ఇంకా గొణుగుతూనే ఉన్నారు. ఏ కాగితం కావాలన్నా ఒంగోలు పోవడం తప్పలేదు. నువ్వు వేళకు తిను.

అన్న,
ఇనాయతుల్లా


బెంగళూరు,
10 జూలై 2022.

అన్నయ్యకు, వదినకు సలాములు.

నీ ఉత్తరం ఆఫీసు అడ్రసుకు వచ్చింది. మా సెక్యూరిటీ అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “మేడం, మీకు కోర్టు నోటీసు వచ్చిందా?” అని అడిగాడు. ఇక్కడ చేత్తో రాసిన కవరు చూసి ఎన్నాళ్ళయిందో.

నువ్వు అడిగిందానికి జవాబు చెప్పాలంటే ముందు నా పనేమిటో చెప్పాలి. నేను చిప్పులు తయారుచేయను అన్నయ్యా. తయారైనదాంట్లో తప్పులు వెతుకుతాను. నీ చేతికి ఆ డబ్బా రావడానికి ఏడాదిన్నర ముందు నుంచి మేము దాన్ని సతాయిస్తూ ఉంటాం. వేడి పెడతాం, చలి పెడతాం, అడగకూడని లెక్కలన్నీ అడుగుతాం. ఎక్కడ తడబడిందో పట్టుకుని డిజైను వాళ్ళకు చెబితే వాళ్ళు మమ్మల్ని తిట్టుకుంటూ దిద్దుతారు. కాబట్టి ఆ డబ్బాలో నా కష్టం ఉందన్నమాట నిజమే. కానీ బయటికి ఏమీ కనపడని కష్టం అది.

ఇంకో సంగతి చెబుతాను, ఎవరితోనూ అనకు. ఎర్ర డబ్బా కంపెనీ వాళ్ళ చిప్పు కూడా మా ల్యాబులో ఉంది. బజార్లో కొనుక్కొచ్చి కొలిచి చూస్తాం. పోయినవారం ఆ లెక్కలు చూసి మా మేనేజరు మళ్ళీ మొదటి నుంచి కొలిపించాడు. వాళ్ళు బాగా చేశారు. చాలా ఏళ్ళు మాకు గట్టి పోటీ లేక మావాళ్ళు కొంచెం బద్ధకించారు. ఇప్పుడు అందరం పరుగెత్తుతున్నాం. ఇంటికి వచ్చేసరికి కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తున్నాను. అయినా పనిలో ఇంత హుషారు ఎప్పుడూ లేదు.

అందుకని నాగేశ్వర్లన్న చెప్పింది విను. రెండూ అమ్ము. అమ్మినంత మాత్రాన నాకు నామోషీ ఏమీ లేదు. ఎంసెట్ రాయించడానికి నన్ను ఒంగోలు తీసుకుపోయింది ఎవరు? నీకు ఫ్యాక్టరీలో సెలవు దొరక్కపోతే ఆయనే వచ్చాడు. పరీక్ష అయ్యేదాకా గేటు దగ్గర ఎండలో నిలబడి, బయటికి రాగానే ఎట్లా రాశావని కూడా అడగలేదు. “ముందు మజ్జిగ తాగు తల్లీ,” అన్నాడు. ఆయనతో నా గురించి గొడవ పడితే నాకు బాగుండదు.

వదిన గోంగూర పచ్చడి నిన్నటితో అయిపోయింది.

చెల్లెలు,
పర్వీన్


మార్కాపురం,
8 జనవరి 2023.

చెల్లెలు పర్వీన్‌కు దువాలు.

ఆరు నెలల్లో నీకు మూడు ఉత్తరాలు రాశాను. మూడింట్లోనూ దుకాణం గొడవలు దాచాను. నేనూ నాగేశ్వర్లూ విడిపోయి నెలన్నర అయింది.

దసరాకు ముందు ఎర్ర కంపెనీ రేట్లు తగ్గించింది. దీపావళి వచ్చేసరికి మీవాళ్ళూ తగ్గించారు. కొనేవాళ్ళకు అది పండగే. పాత రేటుకు కొని అరల్లో సరుకు పేర్చుకున్న మాకు మాత్రం కాదు. అన్నీ నీలం డబ్బాలే తెప్పించింది నేను. నాగేశ్వర్లు అర ముందు నిలబడి డబ్బాలు లెక్కపెట్టాడు. ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది. సాయంత్రం టీ తాగేటప్పుడు చెప్పాడు.

“ఇనాయతూ, నాకు ఇద్దరు ఆడపిల్లలు. నువ్వు మీ చెల్లెలి కోసం చేస్తాండావు, సంతోషమే. నేను నా పిల్లల కోసం చేసుకోవాల గదా.”

“అయితే ఏం చేద్దామంటావు?”

“విడిపోదాం. కొట్లాడుకుని కాదు. ఇప్పుడే, టీ తాగుతా ఉండంగానే.”

నేను గ్లాసు కింద పెట్టి సరే అన్నాను. వద్దని అంటాననుకున్నాడేమో, కాసేపు నా ముఖంలోకి చూశాడు. నేను అనలేదు.

ఇప్పుడు మన దుకాణానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల, భార్య పేరు మీద జయలక్ష్మి కంప్యూటర్స్ అని బోర్డు పెట్టాడు. గాజు తలుపు నిండా ఎర్ర డబ్బాలు. మొన్న గిద్దలూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ వాళ్ళు ల్యాబుకు నలభై కంప్యూటర్లు కావాలని ఇద్దర్నీ అడిగారు. నేను నీలంతో రేటు రాసిచ్చాను, అతను ఎర్రతో. పని అతనికే దక్కింది. మిషన్లు ఆటోలో ఎక్కించే రోజు నేను దుకాణం తీయలేదు.

పేపర్లో ఒక వార్త చూశాను. కంప్యూటర్ల అమ్మకాలు పడిపోయాయట, పెద్ద పెద్ద కంపెనీలు ఉద్యోగాలు తీసేస్తున్నాయట. మీ కంపెనీ పేరు కూడా ఉంది. మీ వదిన రెండురోజుల నుంచి అడిగిందే అడుగుతోంది. నీకేం భయం లేదు కదా? తప్పులు పట్టేవాళ్ళను ఎవరు వదులుకుంటారు అని నేను ఆమెకు చెప్పాను. ఒక ముక్క రాయి.

అన్న,
ఇనాయతుల్లా


బెంగళూరు,
12 ఫిబ్రవరి 2023.

అన్నయ్యకు, వదినకు సలాములు.

నేను బాగున్నాను. మా టీములో ఎవరికీ ఏమీ కాలేదు. పేపర్లలో ఉన్నదానికన్నా ఎక్కువ రాస్తారు. వదినను దిగులు పడవద్దని చెప్పు.

ఇకమీద ఉత్తరాలు ఆఫీసుకు రాయవద్దు. అక్కడ కవర్లు సరిగ్గా అందడం లేదు. నేను గది మారాను, కొత్త అడ్రసు కవరు వెనక రాశాను. ఇది కాస్త చిన్నది కానీ గాలి బాగా వస్తుంది.

నువ్వూ నాగేశ్వర్లన్నా విడిపోవడం నాకు చాలా బాధగా ఉంది. ఇంకా ఏమీ మించిపోలేదు. ఆ ఎర్ర డబ్బాలు నువ్వు కూడా పెట్టు అన్నయ్యా. ఇది మామూలుగా చెప్పడం కాదు, అడుగుతున్నాను.

పని ఎక్కువగా ఉంది, ఇంతకన్నా రాయలేను.

పర్వీన్


మార్కాపురం,
28 మే 2023.

చెల్లెలు పర్వీన్‌కు దువాలు.

నీ ఉత్తరాలు పొట్టివైపోయాయి. పని ఒత్తిడి అనుకుంటున్నాను. పండక్కి కూడా రాలేదు. మీ వదిన నీ కోసమని దాచిన సేమ్యాలు పిల్లలు తినేశారు.

మొన్న గురువారం జరిగింది నీకు చెప్పాలి. ఎండకు రోడ్డు మీద పురుగు కూడా లేదు. నేను ఒక పాత మిషను విప్పి దుమ్ము దులుపుతున్నాను. తల ఎత్తి చూస్తే నాగేశ్వర్లు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి పిలుస్తున్నాడో, నాకు వినపడలేదు. ఆర్నెల్ల తరువాత మన గడప ఎక్కాడు. చేతిలో ఎర్ర డబ్బా ఉంది. స్టూలు లాక్కుని, నేను నోరు చూసి అర్థం చేసుకుంటానని తెలుసు కాబట్టి, నాకు ఎదురుగా కూచుని నిదానంగా మాట్లాడాడు.

“దీన్ని నీ కౌంటరు మీద పెట్టుకో. నువ్వే బిగించి చూడు. నచ్చకపోతే తిరిగి ఇచ్చేయి.”

“నాకెందుకు?”

“దుకాణం పోతాంది ఇనాయతూ. నేను దినామూ చూస్తానే ఉండా. పొద్దున తీసినప్పుడు ఎన్ని డబ్బాలుంటాయో మూసేటప్పుడూ అన్నే. మళ్ళా కలుద్దాం. నువ్వు నా దాంట్లోకి రా, లేకుంటే నేనే ఇక్కడికి వస్తా. రెండు రంగులూ పెడదాం.”

“ఇది నువ్వు ఇంతకుముందే చెప్పినావు. నేనూ చెప్పినా.”

“అప్పటికీ ఇప్పటికీ తేడా ఉంది.”

“ఏంది తేడా?”

అతను నోరు తెరిచి మళ్ళీ మూశాడు. ముఖం తుడుచుకున్నాడు. “ఏం లేదులే. రోజులు మారినాయి అంటాండా,” అన్నాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది పర్వీనూ. గిద్దలూరు కాలేజీ పని, మూడు నెలలుగా గిరాకీ లేని దుకాణం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. గెలిచినవాడు జాలిపడడానికి వచ్చాడనిపించింది. అన్నాను:

“అది నా చెల్లెలి కూట్లో మన్ను కొట్టే డబ్బా. దాన్ని నా గడప లోపలికి ఎట్ల తెచ్చినావు? ఇన్నేళ్ళు నువ్వూ ఆ నీలం డబ్బాలు అమ్మే తిన్నావు గదా, నీకు బువ్వ పెట్టిన చెయ్యి ఆ పిల్లది కూడా. ఎత్తుకుని పో.”

నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదు కదా. పక్కనున్న మందుల షాపు వాళ్ళు కూడా బయటికి వచ్చి చూశారట, మీ వదిన తరువాత చెప్పింది. నాగేశ్వర్లు లేచాడు. డబ్బా చంకలో పెట్టుకున్నాడు. “ఆ పిల్ల నాకూ చెల్లెలే ఇనాయతూ,” అని మాత్రం అన్నాడు. ఎండలో నిదానంగా రోడ్డు దాటి పోయాడు.

నేను చేసింది కొంచెం ఎక్కువే అయింది. కానీ ఆ మాట నీకే రాస్తున్నాను, అతనికి చెప్పను.

అన్న,
ఇనాయతుల్లా


బెంగళూరు,
11 జూన్ 2023.

అన్నయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వెంటనే జవాబు రాయడానికి కూచున్నాను కానీ రాయలేకపోయాను. రాసిందంతా చించేశాను.

ఈ కాగితం అందగానే రోడ్డు దాటి నాగేశ్వర్లన్న దగ్గరికి పో. ఏమీ మాట్లాడకపోయినా సరే. ఆయన దుకాణంలో పది నిమిషాలు కూచుని రా. నేను నిన్ను ఎప్పుడూ ఏదీ గట్టిగా అడగలేదు, ఇది అడుగుతున్నాను. నా పేరు చెప్పి ఎవరితోనూ విరోధం పెట్టుకోవద్దు. ఏ కంపెనీ అయినా కంపెనీయే. దానికి మనం ఎవరమో తెలియదు.

ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి. ఎదురుగా ఉన్నప్పుడు చెబుతాను. నువ్వు మాత్రం పో.

పర్వీన్


మార్కాపురం,
17 సెప్టెంబరు 2023.

పర్వీన్‌కు,

నాగేశ్వర్లు పోయాడు.

పోయిన సోమవారం పెద్దదోర్నాలలో శ్రీశైలం రోడ్డు మీదున్న ఒక హోటలుకు బిల్లుల కంప్యూటరు బిగించి, బస్సులో తిరిగి వస్తున్నాడు. ఛాతీలో నొప్పి అని పక్కనున్న ఆమెకు చెప్పాడట. ఆమె పేరు శ్రీశైలమ్మ, మన తర్లుపాడు దగ్గర పల్లె. తన సంచిలోని నీళ్ళు తాగించి, తల ఒడిలో పెట్టుకుందట. డ్రైవరు బస్సును ఎక్కడా ఆపకుండా నేరుగా మార్కాపురం ఆసుపత్రికే తెచ్చాడు. అప్పటికే అయిపోయింది. యాభై ఏళ్ళు కూడా నిండలేదు.

ఎదురు దుకాణం ముందు జనం చేరారు. ఏడుపులు, కేకలు. నేను వీపు రోడ్డుకు పెట్టి స్క్రూలు బిగించుకుంటూ కూచున్నాను. నాకేమీ వినపడలేదు. మీ వదిన ఇంటి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి నా భుజం పట్టి కుదిపితే అప్పుడు తిరిగి చూశాను.

నువ్వు జూన్‌లో రాసిన ఉత్తరం అందింది. పోదామనే అనుకున్నాను. ఇవాళ కాదు రేపు అనుకున్నాను. రంజాను అతను లేకుండానే గడిచిపోయింది కదా, వినాయక చవితికి వాళ్ళింటికి పోయి పలకరిద్దాం, పండగనాడు ఎవరూ తిరగ్గొట్టరు అనుకున్నాను. చవితి రేపు.

శ్మశానం దాకా నడిచాను. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళ పెద్ద బావమరిది వచ్చి, “మీరూ ఒక చెయ్యి వెయ్యండన్నా,” అంటే పాడె పట్టాను. పదహారేళ్ళలో ఎన్ని మిషన్లు ఇద్దరం చెరోవైపు పట్టి మోశామో. జయలక్ష్మి ముఖం మాత్రం చూడలేకపోయాను.

ఆ గురువారం నేనన్న మాటలు ఉన్నాయి చూడు, అవి రోజూ గుర్తొస్తున్నాయి. నాకు ఏదీ సరిగ్గా వినపడదు కానీ ఆ మాటలు మాత్రం బాగా వినపడుతున్నాయి.

ఇనాయతుల్లా


బెంగళూరు,
1 అక్టోబరు 2023.

అన్నయ్యా,

ఇది చదివేటప్పుడు వదినను పక్కన కూచోబెట్టుకో.

జనవరి ముప్పై ఒకటో తేదీన నా ఉద్యోగం పోయింది. పొద్దున పదకొండుకు ఒక మీటింగు అన్నారు. పావుగంటలో అయిపోయింది. అమ్మకాలు పడ్డాయి, పోటీకి తట్టుకోవాలంటే ఖర్చు తగ్గించాలి, నీ పనిలో లోపమేమీ లేదు అన్నారు. నా టీములో పద్నాలుగు మందిమి ఉండేవాళ్ళం, తొమ్మిది మందిని పంపేశారు. నీ ఉత్తరం ఆ ముందువారమే వచ్చింది. “తప్పులు పట్టేవాళ్ళను ఎవరు వదులుకుంటారు” అని రాశావు. దానికి జవాబు రాయడానికి కూచుని, ఎవరికీ ఏమీ కాలేదని రాశాను. అది నీకు రాసిన మొదటి అబద్ధం. నీ చెవులు బాగున్న రోజుల్లో అయితే ఫోన్‌లో నా గొంతు వినగానే కనిపెట్టేవాడివి. ఉత్తరంలో దాచడం తేలికైపోయింది.

ఎందుకు దాచానని అడుగుతావు. సిగ్గుతో. నా కంపెనీ పేరు చెప్పుకుని నువ్వు పదహారేళ్ళ స్నేహితుణ్ణి వదులుకున్నావు. ఆ కంపెనీ నన్ను వదిలేసిందని ఏ ముఖంతో రాయను? రెండు మూడు నెలల్లో ఇంకోటి దొరుకుతుంది, అప్పుడు రెండూ కలిపి చెబుదాం అనుకున్నాను. దొరకలేదు. పొద్దున టిఫిను డబ్బాతో బయలుదేరి, ప్రభుత్వ లైబ్రరీలో కూచుని సాయంత్రం గదికి వచ్చేదాన్ని. ఇంటి ఓనరమ్మకు కూడా తెలియనివ్వలేదు.

ఇప్పుడు రాయబోయేది అన్నిటికన్నా కష్టమైనది.

మే మొదట్లో నేను నాగేశ్వర్లన్నకు ఫోన్ చేశాను. ఉద్యోగం పోయిందన్నాను.

“ఎన్నాళ్ళయింది తల్లీ?”

“మూడు నెలలు.”

“ఇనాయతుకు తెలుసా?”

“తెలీదు. నువ్వు చెప్పొద్దు. కొత్తది దొరికినాక నేనే చెప్తా.”

“మరి నాకెందుకు చెప్పినావు?”

“అన్న నా కోసం ఆ నీలం డబ్బాలే పట్టుకుని కూచున్నాడు. దుకాణం పోయేట్లుంది. నువ్వు చెప్తే వింటాడు. ఎట్లయినా ఒప్పించు. నా సంగతి మాత్రం బయట పడనీయొద్దు.”

“వాని పట్టంతా నీ పేరు మీదే గదా తల్లీ. నీ సంగతి చెప్పకుండా వాణ్ణి ఎట్ల ఒప్పించేది?” అన్నాడు. నేను ఏడ్చాను. అప్పుడు, “సరేలే, మాటిచ్చినా. నేను చూసుకుంటా. నువ్వు వేళకు తిను,” అన్నాడు.

ఆ గురువారం ఆయన నీ దగ్గరికి వచ్చింది నేను పంపితేనే. తేడా ఏమిటని నువ్వు అడిగినప్పుడు ఆయన నోరు తెరిచి మూశాడని రాశావు. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆయన గెలిచేవాడు. “ఏ చెల్లెలి కూడురా, ఆ పిల్ల అక్కడ లేనే లేదు,” అంటే సరిపోయేది. నాకిచ్చిన మాట కోసం ఆయన ఆ మాటలన్నీ పడి వెనక్కి వెళ్ళాడు. సాయంత్రం నాకు ఫోన్ చేసి, “వాడు వినలేదు తల్లీ, నేనే సరిగ్గా చెప్పలేకపోయినా,” అన్నాడే తప్ప నువ్వు ఏమన్నావో చెప్పలేదు. అది నీ ఉత్తరం చూసే తెలుసుకున్నాను. తెలిశాక కూడా నీకు నిజం రాయలేదు. రాసి ఉంటే నువ్వు ఆ రోజే రోడ్డు దాటేవాడివని నాకు తెలుసు.

ఆగస్టు నుంచి నాకు ఉద్యోగం ఉంది. ఎర్ర డబ్బా కంపెనీలో. ఇక్కడా అదే పని, తప్పులు వెతకడం. మొదటి జీతం వచ్చాక మార్కాపురం వచ్చి మీ ఇద్దర్నీ ఒకచోట కూచోబెట్టి చెబుదామనుకున్నాను. దసరాకు టికెట్టు కూడా తీసుకున్నాను.

నన్ను ఏమైనా అను. అనకుండా మాత్రం ఉండకు.

పర్వీన్


మార్కాపురం,
3 డిసెంబరు 2023.

పర్వీన్‌కు,

నీ ఉత్తరం అందిన రెండు నెలలకు జవాబు రాస్తున్నాను. నీ మీద కోపం లేదని రాద్దామని చాలాసార్లు కాగితం తీశాను. అది నిజం కాదు. మనిద్దరం ఇప్పటికే చాలా దాచుకుని రాసుకున్నాం, ఇంక వద్దు. కోపం ఉంది. నీ మీద కొంత, నా మీద చాలా. ఆ ఆరు నెలలు నువ్వు టిఫిను డబ్బా పట్టుకుని లైబ్రరీలో కూచున్నావన్న చోటికి వచ్చేసరికి మాత్రం ప్రతిసారీ కాగితం మడిచి పెట్టేస్తున్నాను. మీ వదిన ఆ ఒక్క పేజీని పట్టుకుని రెండురోజులు ఏడ్చింది.

జరిగినవి చెబుతాను. నీ ఉత్తరం వచ్చిన వారానికి జయలక్ష్మి దుకాణానికి పోయాను. ఆమె ఒక్కతే కౌంటరు వెనక కూచుని ఉంది. ఏ మిషను ఎవరిదో, ఏది బాగు చేయాలో ఆమెకు తెలియదు. మనుషులు వచ్చి అడుగుతుంటే బిత్తరపోయి చూస్తోంది. “నేను కొన్నాళ్ళు వచ్చి ఇవన్నీ చూసి పెడతానమ్మా,” అన్నాను. వద్దంటుందనుకున్నాను. తల ఊపింది. అప్పటి నుంచి పొద్దుపూట మన దుకాణం, మధ్యాహ్నం నుంచి అక్కడ. పోయిన నెలాఖరున మన దుకాణం మూసేశాను. మిగిలిన నీలం డబ్బాలు తీసుకుపోయి వాళ్ళ అరలో ఎర్రవాటి పక్కనే పెట్టాను. అడిగినవాళ్ళకు రెండూ చూపిస్తున్నాను. ఏది కొన్నా ఎవరూ నన్ను ఏమీ అనడం లేదు. ఇంత చిన్న పనికి ఒక మనిషిని పోగొట్టుకున్నాను.

నిన్న సాయంత్రం జయలక్ష్మి టీ తెచ్చిచ్చి నాకు ఎదురుగా కూచుంది. వాళ్ళాయన చెప్పి ఉంటాడు, ఆమె కూడా నాకు అర్థమయ్యేటట్లు నిదానంగా మాట్లాడుతుంది.

“అన్నా, ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. ఎండాకాలంలో ఒకరోజు ఆయన మీ దుకాణానికి వచ్చినాడు గదా. ఎందుకొచ్చినాడు?”

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

“ఆ రోజు అన్నం ముందు కూచుని లేచిపోయినాడు. ఏమైందంటే చెప్పలేదు. ఆయన నా దగ్గర ఏదీ దాచే మనిషి కాదన్నా. చివరి నాలుగు నెలలు మాత్రం ఏదో మనసులో పెట్టుకునే తిరిగినాడు. నేను ఆయనకు ఏమన్నా తక్కువ చేసినానా అని అప్పటి నుంచీ అనుకుంటాండా. మీరు తిట్టినారంట, ఎవరో చెప్పినారు. అడిగితే, ‘ఇనాయతుకు కోపం రావాల్సిందేలే, వాని తావులో నేనుండినా అంతే’ అన్నాడు. దాని గురించి కాదు నేను అడిగేది. ఆయన మనసులో ఉన్నదేందో నాకు తెలిస్తే చాలు.”

నాకు తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. అది నాది కాదు. ఆయన మాటిచ్చింది నీకు. ఆ మాట నుంచి ఆయన్ని విడిపించాల్సింది కూడా నువ్వే. తను ఆయనకు ఏదో తక్కువ చేశానని ఆమె అనుకుంటూ ఉంది. అట్లా ఇంకొక్క రోజు కూడా అనుకోకూడదు.

వచ్చే ఆదివారానికి రా. ఈసారి రాలేనని రాయొద్దు. రైలు దిగగానే మన ఇంటికి రావద్దు, మీ వదినకు చెప్పాను, ఆమె ఏమీ అనుకోదు. నేను స్టేషనుకు వచ్చి నిన్ను వాళ్ళింటికి తీసుకుపోతాను. లోపలికి నువ్వొక్కదానివే పో. ఆమెకు ఎదురుగా కూచుని, నాకు రాసినదంతా నీ నోటితో చెప్పు. ఆమె ఏడుస్తుంది. తిట్టినా తిడుతుంది. లేచి రావద్దు.

నేను బయట మెట్ల మీద కూచుంటాను. ఎంతసేపైనా సరే.

నీ అన్న,
ఇనాయతుల్లా